దెబ్బ వేయని ఎత్తు విలువ ఎంత?
(పోకెమాన్ ఆటలో సహాయక ఎత్తుల పరిశీలన)

వీడియో ఆటలను గురించి పెద్దలలో రెండు అభిప్రాయములు కలవు. అవి కాలమును హరించునవి అని కొందరందురు. బుద్ధికి పదును పెట్టునవి అని మరికొందరందురు. ఈ రెండును ఆటను విప్పి చూడకుండ చెప్పు మాటలే. ఒక గ్రంథమును విమర్శించువారు మొదట దానిని చదివి, పిమ్మట గుణదోషములను ఎత్తి చూపుదురు. ఆటను కూడ అట్లే పరిశీలింపవలెను. దాని నియమములేవి? ఆ నియమములు ఆడువానిచేత ఏమి చేయించుచున్నవి? చివరకు వానికి ఏమి నేర్పుచున్నవి? వింత ప్రాణులను పోరాడించు ఆటలలో మిక్కిలి ప్రసిద్ధి చెందిన పోకెమాన్‌ను తీసికొని, అందులో ఒక్క భాగమును మాత్రము ఇచ్చట పరీక్షింతము. శత్రువును కొట్టకుండ పోరు స్థితిని మార్చు ఎత్తులే ఆ భాగము.

పోకెమాన్ ఆటలు 1996 ఫిబ్రవరి 27న జపానులో, నింటెండో సంస్థ వారి గేమ్ బాయ్ అను చేతి యంత్రముపై, ఎరుపు, ఆకుపచ్చ అను రెండు ప్రతులుగా వెలువడినవి. వానిని రూపొందించినది గేమ్ ఫ్రీక్ అను సంస్థ. దాని నాయకుడైన సతోషి తజిరి బాల్యమున పురుగులను పట్టి సేకరించుచుండెడివాడు. ఆ సరదాయే ఈ ఆటకు బీజమైనది. ఆటలో మనము ప్రాణులను పట్టి, పెంచి, ఇతరుల ప్రాణులతో పోరాడింపవలెను. పోరు చదరంగమువలె వంతుల ప్రకారము సాగును. కాని ఒక భేదమున్నది. ఇరువురును ఒకేసారి తమ ఎత్తును నిర్ణయించుకొందురు; ఎవరి ప్రాణికి వేగమెక్కువయో వారి ఎత్తు సాధారణముగ ముందు జరుగును. ప్రతి ప్రాణికిని ప్రాణబలము, దాడిశక్తి, రక్షణశక్తి, వేగము మొదలగు వానిని తెలుపు సంఖ్యలుండును. ఒక ప్రాణి నాలుగు ఎత్తులను మాత్రమే జ్ఞాపకముంచుకొనగలదు. ఒక వంతులో వానిలో ఒక్కటియే వాడవలెను.

ఎత్తులు స్థూలముగ రెండు విధములు. శత్రువు ప్రాణబలమును వెంటనే తగ్గించునవి దాడి ఎత్తులు. దెబ్బ వేయక, శక్తులను హెచ్చించుట, తగ్గించుట, విషమెక్కించుట, నిద్రపుచ్చుట, పక్షవాతము కలిగించుట, తోటివానిని కాపాడుట మొదలైన పనులు చేయునవి సహాయక ఎత్తులు. ఈ రెండవ జాతి ఎత్తులను పిల్లలు తరచు మరచిపోజేసి, నాలుగు చోట్లను దాడి ఎత్తులతోనే నింపుదురు. "కొట్టగలిగిన వంతులో కొట్టక ఊరకుండుట దేనికి?" అని వారి వాదము. ఈ వాదము ఎంతవరకు నిజమో చూడవలెను.

ప్రకృతిలో ఈ వాదమునకు బలము లేదు. గోడలపై మట్టిగూడు కట్టు కందిరీగ సాలెపురుగును చంపివేయదు. కొండితో కుట్టి, కదలలేని స్థితిలో గూటిలో దాచును. చంపినచో అది కుళ్లిపోవును. కదలలేకున్నను బ్రతికి యున్నచో పిల్లపురుగునకు తాజా ఆహారమగును. మామిడి కొమ్మను పట్టిన బదనిక చెట్టును కూల్చదు. వేరు వంటి భాగమును కొమ్మలోనికి చొప్పించి, రోజును కొంచెము కొంచెముగ నీటిని, లవణములను లాగుకొనును. ఆటలోని లీచ్ సీడ్ అను ఎత్తు చేయు పని ఇటువంటిదే. అది శత్రువుపై విత్తనము నాటి, వంతు వంతుకును ప్రాణబలములో ఎనిమిదవ వంతును పీల్చి, నాటినవానికి ఇచ్చును. పురుగులను ఎరిగిన వాని ఆటలో ఇటువంటి ఎత్తులుండుట సహజమే.

ఒక వంతు వెల

సహాయక ఎత్తుకు మనము చెల్లించు వెల ఒక వంతు. ఆ వంతులో వేయదగిన దెబ్బను వదలుకొనుచున్నాము. కనుక ప్రశ్న ఇది: వదలుకొన్న దెబ్బకు బదులు ఏమి వచ్చినది?

స్వోర్డ్స్ డాన్స్ అను కత్తుల నాట్యమును తీసికొందము. దీనిని ఒకసారి వాడినచో దాడిశక్తి రెట్టింపగును. దెబ్బయు సుమారు రెట్టింపగును. శత్రువు మామూలుగ 2 దెబ్బలకు పడిపోవువాడైనచో, నాట్యమునకు ఒక వంతు, దెబ్బకు ఒక వంతు, మొత్తము 2 వంతులు. లాభము లేదు, నష్టము లేదు. ఒక్క దెబ్బకే పడిపోవువాడైనచో నాట్యము వలన ఒక వంతు నష్టము. 4 దెబ్బలు కావలసినవాడైనచో 3 వంతులలో ముగియును. 6 దెబ్బలవాడు 4 వంతులకు, 10 దెబ్బలవాడు 6 వంతులకు పడిపోవును. పోరు ఎంత దీర్ఘమైన, మొదట వదలుకొన్న వంతుకు అంత ప్రతిఫలము.

మరి రెండుసార్లు, మూడుసార్లు నాట్యమాడిన నేమి? ఆట నియమము ప్రకారము దాడిశక్తి మొదటిసారి 2 రెట్లు, రెండవసారి 3 రెట్లు, మూడవసారి 4 రెట్లగును. అంతకు మించి పెరుగదు. 1 నుండి 2కు పోవుట రెట్టింపు. 2 నుండి 3కు పోవుట ఒకటిన్నర రెట్లు మాత్రమే. 3 నుండి 4కు పోవుట ఇంకను తక్కువ. అనగా వెల మారకున్నను ఫలము తగ్గుచున్నది. 12 దెబ్బలు తిను శత్రువునకు నాట్యము లేకుండ 12 వంతులు, ఒక నాట్యముతో 7, రెండు నాట్యములతో 6, మూడింటితోను 6. మూడవ నాట్యము వృథా. ఎరువు వేయుటలో రైతు ఎరిగిన సత్యమే ఇది: మొదటి బస్తా ఇచ్చిన ఫలము మూడవ బస్తా ఇయ్యదు.

ఇంకొక సంగతి. హెచ్చిన దాడిశక్తి ఆ ప్రాణిని వెనుకకు పిలుచువరకు నిలిచియుండును. వరుసగ ముగ్గురు శత్రువులు, ఒక్కొక్కరికి 2 దెబ్బల చొప్పున కావలసినచో, నాట్యము లేకుండ 6 వంతులు, నాట్యముతో 4. ఒక్క శత్రువుపై ఫలము కనబడని ఎత్తు, ముగ్గురిపై స్పష్టముగ కనబడును.

మొదటి పాఠములోని లోపము

ఇంత లెక్క ఉండగా పిల్లలు సహాయక ఎత్తులను ఎందుకు త్రోసివేయుదురు? వారిది తప్పు అని తీర్పు చెప్పుటకు ముందు ఆట వారికి నేర్పు మొదటి పాఠమును చూడవలెను. 1996 నాటి ఆటలో బాలుడు మొదట ఎన్నుకొను మూడు ప్రాణులకును ఒక దాడి ఎత్తు, ఒక సహాయక ఎత్తు మాత్రమే తెలియును. రెండింటికి గ్రౌల్, మూడవదానికి టెయిల్ విప్. గ్రౌల్ అనగా గుర్రుమనుట. దానివలన శత్రువు దాడిశక్తి మూడింట రెండు వంతులకు తగ్గును. కాగితముపై ఇది మంచి ఎత్తే. పోరులో ఏమగునో లెక్కింతము.

దెబ్బ పరిమాణమును ఆట ఇట్లు కట్టును. కొట్టు ప్రాణి స్థాయిని రెట్టించి, 5 చేత భాగించి, 2 కలుపుము. దానిని ఎత్తు బలము చేతను, దాడిశక్తి చేతను హెచ్చించి, దెబ్బ తినువాని రక్షణశక్తి చేత భాగింపుము. వచ్చినదానిని 50 చేత భాగించి, చివర 2 కలుపుము. భిన్నములను వదలివేయుము. ప్రాణుల జాతిభేదమును బట్టియు, 85 నుండి 100 శాతము వరకు మారు అదృష్టమును బట్టియు ఇంకను కొన్ని మార్పులు కలవు. వానిని ఇప్పటికి ప్రక్కన పెట్టుదము.

మొదటి పోరు 5వ స్థాయిలో జరుగును. ఎత్తు బలము 40, దాడిశక్తి, రక్షణశక్తి రెండును 11 అనుకొందము. 4ను 40 చేత హెచ్చించిన 160. శక్తులు సమానము కనుక అది మారదు. 50 చేత భాగించిన 3. 2 కలిపిన 5. ఇది మామూలు దెబ్బ. గ్రౌల్ తరువాత దాడిశక్తి 11 నుండి 7కు దిగును. అప్పుడు 101 వచ్చును. 50 చేత భాగించిన 2. 2 కలిపిన 4. దెబ్బ 5 నుండి 4కు మాత్రమే తగ్గినది. మన ప్రాణబలము 20 అయినచో 4 దెబ్బలకు బదులు 5 దెబ్బలకు పడిపోవుదుము. గ్రౌల్‌కు ఖర్చు ఒక వంతు, దానివలన దొరికినది ఒక వంతు. ఫలము సున్న!

ఇదే ఎత్తును 50వ స్థాయిలో చూడుడు. శక్తులు రెండును 60 అనుకొందము. 22ను 40 చేత హెచ్చించిన 880. 50 చేత భాగించి 2 కలిపిన 19. గ్రౌల్ తరువాత దాడిశక్తి 40, దెబ్బ 13. ప్రాణబలము 114 గల ప్రాణి 6 దెబ్బలకు బదులు 9 దెబ్బలు ఓర్చుకొనును. ఒక వంతు ఇచ్చి మూడు వంతులు కొన్నట్లయినది.

ఎత్తు ఒక్కటే, నియమమొక్కటే. ఫలము మాత్రము వేరు. దీనికి కారణము సూత్రము చివర కలుపు 2 అను చిన్న స్థిరాంకము. గ్రౌల్ ఆ 2ను తాకలేదు. దెబ్బ 5గా ఉన్నపుడు 2 అనునది పెద్ద భాగము. 19గా ఉన్నపుడు స్వల్ప భాగము. భౌతికశాస్త్ర ప్రయోగములలో పరికరమునకు సహజముగ ఉండు స్థిరమైన దోషము చిన్న కొలతలను ఎక్కువగను, పెద్ద కొలతలను తక్కువగను చెరచుట విద్యార్థులు ఎరిగినదే. ఇచ్చటను అట్లే జరిగినది. సహాయక ఎత్తు ఫలము అత్యల్పముగ ఉండు చోటనే దానిని బాలునకు తొలిసారి పరిచయము చేసినారు. వాడు రెండు మూడు మార్లు గుర్రుమనిపించి, ఓడి, ఇది పనికిరాదని నిశ్చయించుకొనును. వాని అనుభవము నిజమే. దానినుండి తీసిన సాధారణ సూత్రము మాత్రము తప్పు.

తరువాత కథ కూడ ఈ తప్పును దిద్దదు. ఓడించిన ప్రతి శత్రువు వలన మన ప్రాణులకు అనుభవము చేకూరి స్థాయి పెరుగును. కష్టము వచ్చినపుడు ఆలోచింపకుండ గడ్డిలోనికి పోయి స్థాయి పెంచుకొని రావచ్చును. అట్లు వచ్చినవానికి శత్రువులు ఒకటి రెండు దెబ్బలకే పడిపోవుదురు. పొట్టి పోరులో సహాయక ఎత్తునకు చోటు లేదని పైన చూచితిమి. కనుక కథలో దాడి ఎత్తులతోనే ఆడు బాలుడు మూఢుడు కాడు. తన ఎదుట నున్న పరిస్థితికి సరిపడునట్లే ఆడుచున్నాడు. లోపము పరిస్థితిని అట్లు అమర్చినవారిది.

కథలో మంచి చోట్లు

ఐనను కొన్ని చోట్ల ఆట తన అసలు గుణమును చూపినది. 1999లో జపానులో వెలువడిన బంగారము, వెండి ప్రతులలో విట్నీ అను పోటీశాల నాయకురాలి వద్ద మిల్‌టాంక్ అను ఆవు వంటి ప్రాణి కలదు. అది రోలౌట్ అను ఎత్తుతో దొర్లుచు వచ్చి కొట్టును. తప్పకుండ తగిలినంత వరకు ఎత్తు బలము వంతు వంతుకును రెట్టింపగుచు 30, 60, 120, 240, 480గా ఐదు వంతులు సాగును. మొత్తము 930లో చివరి రెండు వంతులకే 720 వచ్చును. గుణశ్రేఢి స్వభావమిదియే. గాయపడినచో అది పాలు త్రాగి సగము ప్రాణబలమును తిరిగి పొందును. కనుక కేవలము దెబ్బలతో దానిని గెలువబోయిన బాలురెందరో ఓడినారు.

కాని ఈ శ్రేఢికి ఒక బలహీనత ఉన్నది. ఒక్క వంతు తప్పినను లెక్క మరల 30 నుండియే మొదలగును. రోలౌట్ తగులు అవకాశము 90 శాతము. ఐదును వరుసగ తగులు అవకాశము సుమారు 59 శాతము. థండర్ వేవ్ అను ఎత్తుతో మిల్‌టాంక్‌నకు పక్షవాతము కలిగించినచో, ప్రతి వంతులోను అది కదలలేకపోవు అవకాశము నాలుగింట ఒకటి. అప్పుడు ఐదు వంతులును సాగు అవకాశము సుమారు 14 శాతమునకు పడిపోవును. ఒక్క బిందువు ప్రాణబలమును కూడ తగ్గింపని ఎత్తు, శత్రువు మహాశక్తిని మొదలంట నరికినది. ఈ పోరు ఆటలోని మంచి పాఠములలో ఒకటి.

రెండవది ప్రాణులను పట్టుకొనుట. శత్రువును నిద్రపుచ్చినచో పట్టుబడు అవకాశమును లెక్కించు సంఖ్య 2010 నాటి ప్రతుల నుండి రెండున్నర రెట్లగును; పక్షవాతము, విషము కలిగించినచో ఒకటిన్నర రెట్లు. ఇచ్చట అతిగ కొట్టినచో శత్రువు పడిపోయి చేజారును. కనుక కొట్టకుండుట యొక్క విలువను పిల్లలు త్వరలోనే గ్రహింతురు. మూడవది 2016 నాటి సూర్య, చంద్ర ప్రతులలోని టోటెమ్ ప్రాణులు. అందు లురాంటిస్ అను ప్రాణి సహాయమునకై కాస్ట్‌ఫామ్‌ను పిలిచినచో, అది ఎండ కాయించును. ఎండలో లురాంటిస్ మామూలుగ రెండు వంతులు పట్టు దెబ్బను ఒక్క వంతులోనే వేయును. శత్రువే సహాయక ఎత్తు విలువను మనకు నేర్పుచున్నాడన్న మాట. ఇటువంటి పోరులు కథలో ఇంకను ఉండవలసినది.

ఉడుత చేసిన పని

కథను దాటి, మనుష్యులు మనుష్యులతో పోటీపడు చోట స్థితి పూర్తిగ మారును. స్థాయిలు సమానము చేయబడును, ఎదుటివాడు ఆలోచించువాడు, అధికారిక పోటీలలో ఒక్కొక్క వైపున రెండేసి ప్రాణులు ఒకేసారి నిలుచును. 2014లో వాషింగ్టన్ నగరమున జరిగిన ప్రపంచ పోటీలో దక్షిణ కొరియాకు చెందిన సె జున్ పార్క్ విజేత అయినాడు. అతని జట్టులో పచిరిసు అను చిన్న విద్యుత్ ఉడుత ఉండెను. దాని దాడిశక్తి మూలసంఖ్య 45. అదే జట్టులోని గార్చాంప్ అను ప్రాణికి ఆ సంఖ్య 130. కొట్టు బలమే ప్రమాణమైనచో ఉడుతకు ఆ జట్టులో చోటు లేదు.

కాని ఉడుత పని కొట్టుట కాదు. ఫాలో మీ అను ఎత్తుతో అది శత్రువులిద్దరి దెబ్బలను తనవైపునకు త్రిప్పుకొనును. ఆ వంతులో దాని ప్రక్కనున్న బలశాలి నిర్భయముగ తన పని చేసికొనును. దాని దాడి ఎత్తులు కూడ సహాయపు పనికే ఎన్నుకొన్నవి: ఒకటి స్వల్పముగ తగిలి పక్షవాతము కలిగించును, మరొకటి, తన దాడిశక్తితో సంబంధము లేకుండ, శత్రువునకు మిగిలిన ప్రాణబలమును సగము చేయును. 45 అను సంఖ్య ఎక్కడను అడ్డు రాలేదు. ప్రాణి బలమును కాక, దాని స్థానమును చూచి ఎన్నుకొనుట ఇది.

అతి చేయరాదు

సహాయక ఎత్తులన్నియు గొప్పవని చెప్పుట మరొక అతి. టాక్సిక్ అను విషపు ఎత్తును చూడుడు. అది మొదటి వంతులో ప్రాణబలములో పదునారవ వంతును, రెండవదానిలో 2, మూడవదానిలో 3 పదునారవ వంతులను, ఇట్లు పెరుగుచు హరించును. 1 నుండి 5 వరకు కూడిన 15. 6 కలిపిన 21. కనుక నిండు ప్రాణబలము గల శత్రువు ఆరవ వంతులో పడిపోవును. ప్రతి వంతులోను సగము ప్రాణబలమును తిరిగి పొందు శత్రువును సగమునకు తక్కువైన దెబ్బలతో కొట్టుచున్నచో పోరు ముగియుట దుర్లభము. విషము మాత్రము, వాడు ఎంత చికిత్స చేసికొన్నను, పండ్రెండవ వంతులో వానిని కూల్చును. పెరుగు నష్టము ముందు మారని చికిత్స నిలువదు.

ఐతే దీనికి విరుగుళ్లు కలవు. శత్రువు తన ప్రాణిని వెనుకకు పిలిచినచో విషపు లెక్క మొదటికి వచ్చును. ఉక్కు జాతి ప్రాణులకు ఈ విషము సాధారణముగ ఎక్కదు. 2002లో వెలువడిన ప్రతుల నుండి టాంట్ అను కవ్వింపు ఎత్తు కలదు. దానిని వాడినచో శత్రువు కొన్ని వంతులవరకు సహాయక ఎత్తులను వాడలేడు. నాలుగు చోట్లను సహాయక ఎత్తులతో నింపినవాడు అప్పుడు నిస్సహాయుడగును. ఒక ఎత్తునకు విరుగుడు, ఆ విరుగుడునకు మరొక విరుగుడు ఉండుట వలననే ఈ నియమములు ఇన్ని సంవత్సరములు ఆసక్తిని నిలుపుకొన్నవి.

తీర్పు

నియమముల దృష్టితో చూచినచో పోకెమాన్ చక్కగ కట్టిన ఆట. కథ దృష్టితో చూచినచో తన నియమములలోని ఉత్తమ భాగమును తానే దాచుకొన్న ఆట. దెబ్బ వేయని ఎత్తు మంచిదా, చెడ్డదా అను ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము లేదు. అడుగవలసిన ప్రశ్నలు రెండు: పోరు ఇంకను ఎంత కాలము మిగిలియున్నది? ఈ ఎత్తు ఫలమును ఎందరు అనుభవింతురు? కాలము దీర్ఘమై, అనుభవించువారు పలువురైనచో వదలుకొన్న వంతు పలు రెట్లుగ తిరిగివచ్చును. పొట్టి పోరులో రాదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ ఆటను తరగతిలో ఆడింపనక్కరలేదు. నల్లబల్లపై నాట్యపు లెక్కను వ్రాసి, 1 నుండి 12 దెబ్బల శత్రువులకు ఏది ఎన్ని వంతులు పట్టునో పట్టిక కట్టించిన చాలును. విషములో అంకశ్రేఢి, రోలౌట్‌లో గుణశ్రేఢి, పక్షవాతములో సంభావ్యత, గ్రౌల్‌లో స్థిరాంకము చేయు చిక్కు, అన్నియు పిల్లలకు తెలిసిన ప్రాణులతోనే చెప్పవచ్చును. ఒక్క అనుభవము నుండి సాధారణ సూత్రము తీయుట ఎంత ప్రమాదకరమో గ్రౌల్ కథ వారికి చూపును. 5వ స్థాయిలో పనికిరాదని పారవేసిన ఎత్తును 50వ స్థాయిలో మరల పరీక్షించు అలవాటు విద్యార్థికి అబ్బినచో, అది ఆటకంటె ప్రయోగశాలలో వానికి ఎక్కువ ఉపకరించును.